రొయ్యల చెరువు డీఓ గ్రాఫు: ఇరవై లక్షల చుక్కలతో పడ్డ తిప్పలు (ప్రాజెక్టు డైరీ)

డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో మౌస్‌తో లాగుతూ, జూమ్ చేస్తూ చూసుకునే లైన్ గ్రాఫు పెట్టాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. నేను పడ్డ గోతులు వరసగా ఉన్నాయి, మీరు పక్కనుంచి వెళ్లిపోవచ్చు. పని గంటలు, ఫ్రేము టైములు (తెర మీద బొమ్మ ఒకసారి గీయడానికి పట్టే టైమ్) అన్నీ నా మెషీన్‌వే, మీ దగ్గర అంకెలు మారతాయి.

దశ 0: సరంజామా

ఆకివీడు దగ్గర మా బాబాయికి నాలుగు రొయ్యల చెరువులున్నాయి, నాలుగూ వనామీ. ఒక్కో చెరువులో నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే ప్రోబు ఒకటి (డీఓ అనే అంటారు అందరూ), ఉష్ణోగ్రత ప్రోబు ఒకటి. ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు (కింద లాగర్ అన్నది దీన్నే) 5 సెకన్లకోసారి రీడింగు తీసి, మెమరీ కార్డులో రోజుకో సీఎస్‌వీ ఫైలు రాస్తుంది. గట్టు మీది షెడ్డులో సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, అందుకే కార్డు తీసి అక్కడే ఉన్న పాత డెస్క్‌టాప్‌లో పెట్టి చూసుకోవడమే పద్ధతి. వెబ్ పేజీ చేయొచ్చుగా అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ముందు లెక్క:

1. రోజుకు 86,400 సెకన్లు, 5తో భాగిస్తే 17,280 రీడింగులు.
2. పంట 120 రోజులనుకుంటే చెరువుకు 20,73,600 రీడింగులు.
3. మానిటర్ వెడల్పు 1,366 పిక్సెళ్లు, అంచులూ అంకెలూ పోగా గ్రాఫుకు మిగిలేది 1,200.
4. అంటే పంట మొత్తం ఒకేసారి చూపిస్తే ఒక్క పిక్సెల్‌లో 1,728 రీడింగులు కూరుకుని కూర్చోవాలి.

ఈ నాలుగో అంకె గుర్తుపెట్టుకోండి, కిందంతా దానితోనే గొడవ.

దశ 1: గీయడానికే ఇంత టైమా

చేతికి అలవాటైంది కదా అని పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌నే క్యూటీ (డెస్క్‌టాప్ విండోలు కట్టే టూల్‌కిట్) విండోలో కూర్చోబెట్టా. ఒక చెరువు డీఓ గీయడానికి 1.9 సెకన్లు పట్టింది. లాగిన ప్రతిసారీ బొమ్మంతా మళ్లీ మొదట్నుంచీ గీస్తుంది కాబట్టి మనం లాగిన రెండు సెకన్లకు గీత కదులుతుంది, ఈలోపు కదల్లేదేంటని ఇంకో రెండుసార్లు లాగేసి ఉంటాం. ఒకసారి గీత మరీ పెద్దదైపోయిందని ఓవర్‌ఫ్లో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది కూడా. చంక్‌సైజ్ సెట్టింగు 10,000 పెడితే ఎర్రర్ పోయింది గానీ నత్తనడక పోలేదు. కాగితం మీద వేసుకునే బొమ్మలకైతే నేను ఇప్పటికీ దాన్నే వాడతా.

పైసైడ్6 (పైథాన్‌లో క్యూటీ వాడే లైబ్రరీ) మీద నడిచే పైక్యూటీగ్రాఫ్ అనే గ్రాఫు లైబ్రరీకి మారా. సెట్‌డేటా పిలుపుకు ముందూ వెనకా గడియారం పెట్టి కొలిస్తే 2 మిల్లీసెకన్లు వచ్చింది. విండో మాత్రం కుంటుతూనే ఉంది. సగం సాయంత్రం పోయాక తెలిసింది, కొలతే తప్పు: సెట్‌డేటా డేటాను అప్పగించేసి వెనక్కి వస్తుంది అంతే, గీసే పని ఆ తర్వాత పెయింట్ ఈవెంట్‌లో జరుగుతుంది. సరిగ్గా కొలవాలంటే:

1. ప్లాట్‌విడ్జెట్‌ను సబ్‌క్లాస్ చేసి పెయింట్ ఈవెంట్ మీరే రాసుకోండి.
2. లోపలికి రాగానే ఒకసారి, అసలు పెయింట్ అయ్యాక ఒకసారి టైమ్ తీసుకోండి.
3. చివరి 100 ఫ్రేముల్లో మధ్యస్థం, గరిష్ఠం రెండూ చూడండి. సగటును నమ్మొద్దు, ఒక్క 400 మిల్లీసెకన్ల కుదుపు సగటులో కలిసిపోతుంది, చేతికి మాత్రం తెలిసిపోతుంది.

ఇలా కొలిస్తే ఫ్రేముకు 2,400 మిల్లీసెకన్లు. అంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ కంటే ఘోరం! కారణం నేనే. కళ్లకు బాగుంటుందని గీత మందం 2 పెట్టా. ఒక పిక్సెల్ గీతకు క్యూటీలో అడ్డదారి ఉంది, మందం పెరిగితే మాత్రం గీత చుట్టూ ముందు ఒక ఆకారం కట్టి తర్వాత దాన్ని రంగుతో నింపుతుంది, అది ఇరవై లక్షల ముక్కలకు చేయాలంటే అంతే మరి. మందం 1 చేసి, అంచులు నునుపు చేసే ఆప్షన్ కూడా తీసేస్తే 310కి దిగింది.

ఖాతా: ఇప్పటిదాకా మొత్తం 6 గంటలు. ఫ్రేము 310 మిల్లీసెకన్లు. కావాల్సింది 33 లోపు.

దశ 2: టైమ్‌తో నాలుగు దెబ్బలు

గీయడం పక్కనపెట్టి గీత సరైందేనా అని చూస్తే అసలు సంగతి బయటపడింది. డీఓ గీతకు ఒక సహజమైన ఆకారం ఉంటుంది. పగలు నీళ్లలోని ఆల్గే ఎండకు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నానికి పైకెళ్తుంది, రాత్రి ఆల్గేతో సహా అందరూ పీల్చుకోవడమే కాబట్టి తెల్లవారుజామున అడుగుకు చేరుతుంది. నా గ్రాఫులో ఆ అడుగు ఉదయం పదిన్నరకు వచ్చింది. బాబాయి స్క్రీన్ చూసి, "ఏరా, మన రొయ్యలు హైదరాబాద్ టైమింగులకు లేస్తున్నాయా" అన్నాడు.

*మొదటి దెబ్బ, ఐదున్నర గంటలు.* లాగర్ రాసేది మన టైమ్, పక్కన ఏ టైమ్‌జోనో రాయదు. పాండాస్ (నేను సీఎస్‌వీ చదవడానికి వాడే పైథాన్ లైబ్రరీ) దాన్ని గ్రీనిచ్ టైమ్ అనుకుని సెకన్లుగా మార్చింది. డేట్ యాక్సిస్ ఆ సెకన్లను మళ్లీ మన టైమ్‌కు మార్చి చూపించింది. 5:00 కాస్తా 10:30 అయింది. పరిష్కారం: చదివేటప్పుడే 19,800 సెకన్లు తీసేసి అసలైన యూనిక్స్ సెకన్లుగా (1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టే సెకన్లు) దాచుకోవడం. మన టైమ్‌కు మార్చే పని యాక్సిస్ ఒక్కదానికే వదిలేయండి, ఇంకెక్కడా ముట్టుకోవద్దు.

*రెండో దెబ్బ, తారీఖు తిరగబడడం.* ఫైల్లో రోజు ముందు, నెల తర్వాత. 13 నుంచి నెలాఖరు దాకా బాగానే చదివింది, 1 నుంచి 12 దాకా ఉన్న ఫైళ్లలో మాత్రం రోజును నెల అనుకుంది. మార్చి 5 పోయి మే 3లో కూర్చుంది. ఊహించే పని పాండాస్‌కు ఇవ్వకుండా తారీఖు ఫార్మాట్ మనమే రాసి ఇవ్వాలి. ఇలా ఇస్తే చదివే టైమ్ కూడా 41 సెకన్ల నుంచి 6కు పడింది, అది కొసరు.

*మూడో దెబ్బ, మెట్లు.* ఇది అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది. 4 జీబీ మెమరీ మెషీన్ కదా, పొదుపు చేద్దామని కాలమ్స్ అన్నీ ఫ్లోట్32 (ఒక్కో అంకెకు 4 బైట్లే, ఫ్లోట్64 అయితే 8) చేశా. పంట మొత్తం చూస్తే గీత బాగుంది, రోజు చూసినా బాగుంది, పది నిమిషాలకు జూమ్ చేస్తే నునుపైన గీత పోయి మెట్లు వచ్చాయి. ఒక్కో మెట్టు దగ్గర 25, 26 రీడింగులు నిలువుగా ఒకదాని మీద ఒకటి. ప్రోబు పాడైందనుకున్నా, బోర్డు కోడ్ అనుమానించా, మెమరీ కార్డు మార్చా. చివరికి పక్కపక్క మెట్ల మధ్య దూరం కొలిస్తే ప్రతిచోటా సరిగ్గా 128 సెకన్లు! రెండు ఏడోసారి హెచ్చిస్తే వచ్చే అంకె కనిపించగానే దొంగ దొరికిపోయాడు. ఇప్పటి యూనిక్స్ సెకన్లు 170 కోట్ల పైన ఉన్నాయి, ఫ్లోట్32లో అంకెకు దొరికేది 24 బిట్లే. అంత పెద్ద అంకెల దగ్గర రెండు పక్కపక్క విలువల మధ్య ఎడం 128. మధ్యలోవన్నీ దగ్గరున్న మెట్టుకు అతుక్కుపోయాయి. డీఓ, ఉష్ణోగ్రత విలువలకు ఫ్లోట్32 చాలు, టైమ్ మాత్రం ఫ్లోట్64లోనే ఉండాలి. (పంట మొదలైన క్షణాన్ని సున్నా చేసుకుని ఫ్లోట్32 వాడొచ్చు, 1,67,77,216 సెకన్ల దాకా, అంటే 194 రోజుల దాకా తేడా రాదు. చేయగలను గానీ చెరువుకు 8 ఎంబీ మిగుల్చుకోడానికి ఇంకో చోట టైమ్ కలిపి తీసే తలనొప్పి పెట్టుకోవాలనిపించలేదు.)

*నాలుగో దెబ్బ, 2000 సంవత్సరం.* మూడో చెరువు తెరిస్తే గ్రాఫంతా ఖాళీ, కుడి అంచున ఒక్క నిలువు గీత. లాగర్‌లో గడియారం చిప్పు బ్యాటరీ వదులై, కరెంటు పోయినప్పుడల్లా 2000 జనవరి 1కి వెళ్లిపోయింది. ఆ కాసిని రీడింగుల కోసం యాక్సిస్ పాతికేళ్లకు సాగింది, 120 రోజుల పంట అందులో ఒక మూలకు నలిగింది. కోడ్‌లో పంట మొదటి తేదీకి ముందున్న వరసలు పక్కకు తీసి వేరే ఫైల్లో పెడుతున్నా. పారేయడం లేదు, పక్క వరసల్ని బట్టి టైమ్ సరిచేయొచ్చు. బ్యాటరీ గూడులో రేకు వంచి బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఖాతా: 17 గంటలు. ఫ్రేము అదే 310. చదివిన ఫైళ్లను నంపై (అంకెల వరసలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ) బైనరీగా దాచుకోవడం వల్ల రెండోసారి తెరిస్తే అర సెకను లోపు.

దశ 3: లేని డేటా, ఉన్నట్టు గీత

కరెంటు పోయి లాగర్ గంటన్నర ఆగితే, ఆగే ముందు చుక్కకూ వచ్చిన తర్వాత చుక్కకూ మధ్య గ్రాఫు తిన్నగా గీత లాగేస్తుంది. చూసేవాడికి ఆ గంటన్నరా డీఓ నిదానంగా దిగినట్టే ఉంటుంది. ఇంకోవైపు ప్రోబు వైరు ఊడితే బోర్డు సున్నా రాస్తుంది, గ్రాఫులో చెరువు చచ్చిపోయినట్టు గీత నేలకు పడుతుంది.

1. రెండు రీడింగుల మధ్య ఎడం 20 సెకన్లు దాటితే మధ్యలో ఒక నాన్ విలువ పెట్టా (విలువ లేదు అనే గుర్తు). గీత అతికించే పద్ధతిని ఫైనైట్‌కు మారిస్తే అక్కడ గీత తెగుతుంది.
2. ఖచ్చితంగా సున్నా ఉన్నవన్నీ నాన్. నిజం సున్నా అయితే 0.02, 0.05 అంటూ ఊగుతుంది, వరసగా 0.00 రాదు.
3. పై హద్దు పెట్టడంలో తప్పు చేశా. 30 డిగ్రీల మంచినీళ్లలో గాలితో సరితూగే డీఓ లీటరుకు 7.5 మి.గ్రా. దగ్గర ఉంటుంది కదా అని 8.5 దాటినవన్నీ తప్పు కింద తీసేశా. ప్రతి మధ్యాహ్నం గీత మాయం! ఎండలో ఆల్గే పని చేస్తున్నప్పుడు నీళ్లు ఆ హద్దు దాటి 9, 10 దాకా పోవడం మామూలే. ఇప్పుడు హద్దు 20.

ఖాతా: 21 గంటలు.

దశ 4: ఇరవై లక్షల్ని పన్నెండు వందల్లో సర్దడం

ముందు సులువైన దారి పట్టా, ప్రతి 1,728వ చుక్క గీయడం. ఫ్రేము 3 మిల్లీసెకన్లకు పడిపోయింది. గీత కూడా చక్కగా, పత్రికలో వేసిన బొమ్మలా ఉంది.

బాబాయి అడిగింది ఒక్కటే. "ఆ రోజు రాత్రి జనరేటర్ ఆలస్యమైంది చూడు, అదెక్కడ?" ఆ రాత్రి 2:50కి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్ మొరాయించింది, ఏరియేటర్లు (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు) 35 నిమిషాలు ఆగిపోయి రెండో చెరువులో రొయ్యలు పైకి తేలాయి. ఆ చెరువు లాగర్‌కు వేరే బ్యాటరీ ఉంది, డీఓ 1.9కి దిగడం ఫైల్లో స్పష్టంగా ఉంది. నా గ్రాఫులో లేదు. 1,728 రీడింగులంటే 2 గంటల 24 నిమిషాలు, ఆ రాత్రి మొత్తం రెండు చుక్కల మధ్యలో పడి మాయమైంది. గ్రాఫు పెట్టుకుందే అలాంటి రాత్రుల్ని పట్టుకోడానికి.

కాబట్టి బకెట్ పద్ధతి: ఒక్కో పిక్సెల్‌కు వచ్చే రీడింగుల్ని ఒక బకెట్ చేసి, అందులో కనిష్ఠం, గరిష్ఠం రెండూ గీయాలి. పైక్యూటీగ్రాఫ్‌లో పీక్ అనే మోడ్ ఇదే చేస్తుంది, క్లిప్‌టువ్యూ కూడా పెడితే తెర బయట చుక్కలు గీయదు, చాలామందికి ఆ రెండు సెట్టింగులూ చాలు, ముందు అవే పెట్టి చూడండి. నాకు నాలుగు చెరువులు, చెరువుకు రెండు గీతలు ఒకేసారి కావాలి, లాగిన ప్రతిసారీ లక్షల రీడింగులు మళ్లీ చదవడం ఆ మెషీన్ వల్ల కాలేదు. కుదించిన డేటాను ముందే సొంతంగా మెట్లుగా కట్టుకున్నా (దశ 2లోని తెగులు మెట్లు కాదు):

1. ముడి డేటా: 20,73,600 రీడింగులు.
2. 16కి ఒక బకెట్: 1,29,600 బకెట్లు, ఒక్కోదానికి కనిష్ఠం, గరిష్ఠం.
3. 256కి ఒక బకెట్: 8,100 బకెట్లు. ఒక్కోటి 21 నిమిషాల 20 సెకన్లు.
4. తెర మీద 20,000 లోపు రీడింగులుంటే ముడి డేటా, 3,20,000 లోపైతే రెండో మెట్టు, దాటితే మూడోది. రోజుల్లో చెప్పాలంటే ఒక రోజూ నాలుగు గంటల దాకా ముడిది, పద్దెనిమిది రోజుల దాకా రెండోది.

ఇందులో మూడు తప్పులు చేశా.

నంపైలో మామూలు మ్యాక్స్ వాడితే బకెట్‌లో ఒక్క నాన్ ఉన్నా బకెట్ మొత్తం నాన్ అవుతుంది. పది సెకన్ల ఖాళీ, జూమ్ వెనక్కి తీస్తే ఇరవై ఒక్క నిమిషాల ఖాళీ అయింది. నాన్‌ను పట్టించుకోని ఎఫ్‌మ్యాక్స్, ఎఫ్‌మిన్ వాడండి, బకెట్ అంతా నాన్ అయితేనే నాన్ ఇస్తాయి, అనవసరమైన హెచ్చరికలూ రావు.

రెండోది మెరుపు. మౌస్‌తో పక్కకు లాగుతుంటే గీత కొనలు మిణుకుమిణుకుమంటూ పైకీ కిందకీ ఊగాయి. తెర ఎడమ అంచు నుంచి బకెట్లు లెక్కపెట్టడం వల్ల వచ్చిన తెగులు అది, ఒక్క రీడింగు జరిగితే ప్రతి బకెట్‌లో ఉండే రీడింగులూ మారిపోతాయి. బకెట్లు ఎప్పుడూ డేటా మొదటి నుంచే 16, 256 గుణిజాల దగ్గర మొదలవ్వాలి. పైన కట్టిన మెట్లు అలాగే ఉంటాయి కాబట్టి వాటిలో నేరుగా ముక్క కోసుకుంటే సరి.

మూడోది చిన్నది. తెరకు సరిగ్గా సరిపడా కోస్తే గీత రెండు అంచుల దగ్గరా తెగి వేలాడుతుంది. అటొకటి ఇటొకటి ఎక్కువ తీసుకోవాలి.

ఇదంతా అయ్యాక పంట మొత్తం చూస్తే గీత లేదు, లావుపాటి పచ్చ పట్టీ ఉంది. లెక్క ప్రకారం సరైనదే. రోజుకు 10 పిక్సెళ్లే, ప్రతి రోజూ 4 నుంచి 9 దాకా ఎక్కి దిగుతుంది, పట్టీ కాక ఇంకేం వస్తుంది. "గోడకు రంగేసినట్టుంది" అన్నాడు బాబాయి. ఆ పట్టీని లేత రంగు చేసి, మీద ప్రతి రోజు కనిష్ఠాన్ని కలుపుతూ 120 చుక్కల ముదురు గీత వేశా. రైతు చూసేది ఆ గీతే. 2:50 రాత్రి అందులో గుంటలా కనిపిస్తుంది.

ఖాతా: 36 గంటలు. ఎనిమిది గీతలతో ఫ్రేము మధ్యస్థం 14, గరిష్ఠం 29 మిల్లీసెకన్లు.

దశ 5: మౌస్ కింద అంకె

మౌస్ ఎక్కడుంటే అక్కడి టైమ్, డీఓ చూపించాలి. దగ్గరి చుక్క కోసం అన్నిటి నుంచీ మౌస్ టైమ్ తీసేసి అతి చిన్నది వెతికే పద్ధతి రాశా, మౌస్ కదిలిన ప్రతిసారీ 12 మిల్లీసెకన్లు తినేసింది. టైమ్ వరస క్రమంలోనే ఉంటుంది కాబట్టి సెర్చ్‌సార్టెడ్ వాడితే అది కొలతకు కూడా అందనంత తక్కువైంది. రెండు జాగ్రత్తలు: అది ఇచ్చేది కుడి పక్క చుక్క, ఎడమ పక్కదానితో పోల్చి దగ్గరిదే తీసుకోండి. టైమ్ ఒక్కచోట వెనక్కి పోయినా జవాబు ఎక్కడో పడుతుంది, ఎర్రర్ కూడా రాదు, కాబట్టి ఫైలు తెరవగానే టైమ్ ఎక్కడైనా తగ్గిందేమో ఒకసారి చూసుకోండి. మౌస్ సిగ్నల్‌ను సెకనుకు 60కి మించకుండా పైక్యూటీగ్రాఫ్‌లోని సిగ్నల్ ప్రాక్సీతో ఆపా.

దగ్గరి చుక్క రెండు నిమిషాల కంటే దూరంలో ఉంటే అంకె చూపించకుండా "రీడింగు లేదు" అని రాస్తున్నా. ముందు ఇది లేదు, ఖాళీ మధ్యలో మౌస్ పెడితే గంట కిందటి డీఓ దర్జాగా చూపించేది.

కింద చిన్న గ్రాఫులో పంటంతా, అందులో లాగే పెట్టె, పైన పెద్ద గ్రాఫులో ఆ ముక్క. పెట్టె కదిలితే గ్రాఫు కదలాలి, గ్రాఫు కదిలితే పెట్టె. రెండూ ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి, పైగా సెట్‌ఎక్స్‌రేంజ్ తనంతట తాను అంచుల్లో కొంచెం ఖాళీ కలుపుతుంది, ముట్టుకుంటే చాలు పెట్టె గాలి కొట్టినట్టు ఉబ్బుతూ పోయింది. ప్యాడింగ్ సున్నా చేసి, "ఇప్పుడు నేనే మారుస్తున్నా" అని ఒక గుర్తు పెట్టుకుంటే ఆగింది.

ఖాతా: 42 గంటలు.

దశ 6: జూమ్ చేస్తే సగటు మారింది

ఇది తప్పకుండా చదవండి. కొంత భాగం ఎంచుకుంటే దాని సగటు, కనిష్ఠం, 3 కంటే కింద ఎన్ని నిమిషాలు ఉందో చూపించే పెట్టె ఒకటి పెట్టా. ఆ రాత్రి 1 నుంచి 6 దాకా ఎంచుకుంటే సగటు 4.6. అదే ఎంపిక ఉంచి జూమ్ వెనక్కి తీశా, 4.1 అయింది. చెరువు అదే, రాత్రి అదే!

గీతను అడిగి డేటా తీసుకుంటున్నా నేను. గీత దగ్గర ఉండేది తెర కోసం కుదించిన కనిష్ఠాలూ గరిష్ఠాలే, అందులో సగటు తీస్తే వచ్చేది కనిష్ఠాల గరిష్ఠాల మధ్య రాశి, దానికి చెరువుతో సంబంధం లేదు. పైక్యూటీగ్రాఫ్‌లో కూడా గెట్‌డేటా అంటే తెర మీదిదే ఇస్తుంది. అప్పటినుంచి నియమం పెట్టుకున్నా: గ్రాఫు వస్తువుల్ని దేనికీ అడగను, వాటికి ఇవ్వడమే. లెక్కలన్నీ ముడి డేటా నుంచే, సెర్చ్‌సార్టెడ్‌తో రెండు కొనలు పట్టుకుని.

ఇప్పుడు అదే ఎంపికకు ఏ జూమ్‌లోనైనా ఇది వస్తుంది:

1. ఉండాల్సిన రీడింగులు 3,600, ఉన్నవి 3,466. ఈ రెండూ సగటు పక్కనే చూపిస్తున్నా, సగం రాత్రి డేటా లేకుండా వచ్చిన సగటును ఎవరూ నమ్మకుండా.
2. 3 కంటే కింద 412 రీడింగులు, 5తో గుణిస్తే 2,060 సెకన్లు, 34 నిమిషాల 20 సెకన్లు.
3. కనిష్ఠం 1.9, అది ఎప్పుడో టైమ్‌తో సహా.

పెట్టె లాగుతుండగానే అంకెలు మారాలని ముందే కూడి పెట్టుకున్న మొత్తాల కాలమ్ ఒకటి చేసి తెలివి చూపించా. ఒక్క నాన్ తగలగానే అక్కడినుంచి చివరిదాకా మొత్తం నాన్ అయింది. తీసేసి మామూలుగా ముక్క కోసి సగటు తీసి కొలిస్తే పంట మొత్తానికి కూడా 7 మిల్లీసెకన్లే. అసలు అవసరమే లేని పనికి నాలుగు గంటలు.

ఖాతా: 50 గంటలు.

దశ 7: ఏరియేటర్ గీతలు

ఏరియేటర్ వేసినప్పుడూ ఆపినప్పుడూ ఒక నిలువు గీత కావాలన్నాడు బాబాయి. రోజుకు ఎనిమిది లెక్కన 960 నిలువు గీతలు, ఒక్కోటి ఒక విడి వస్తువుగా పెట్టా, ఫ్రేము 14 నుంచి 140కి ఎగిరింది. అన్నిటినీ ఒకే గీత వస్తువులో పెట్టి, అతికించే పద్ధతిని పెయిర్స్ చేస్తే (రెండేసి చుక్కల్ని మాత్రమే కలుపుతుంది) 15. వస్తువుల లెక్క తగ్గించండి, చుక్కల లెక్క కాదు.

దశ 8: బాబాయి మౌస్ పట్టుకున్నాడు

మేత వేసొచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని కూర్చున్నాడు. చక్రం ఒక్కసారి గట్టిగా తిప్పాడు. తెర తెల్లగా అయిపోయింది. గీత ఎటో పైకి పోయింది, అంకెలు 0.00003 దగ్గరున్నాయి. ఇంకోసారి తిప్పాడు, యాక్సిస్ 1970 నుంచి 2100 దాకా వచ్చింది. "పాడైపోయిందా?" అని నా వంక చూశాడు, తప్పు తనదేనేమో అన్నట్టు. కుడి బటన్ నొక్కితే ఇంగ్లిష్‌లో పెద్ద మెనూ.

మార్చినవి:

1. నిలువు జూమ్ తీసేశా. డీఓ ఎప్పుడూ 0 నుంచి 12, అంతే. 3 దగ్గర ఎర్ర గీత కదలదు. రోజూ అదే ఎత్తులో చూస్తే కన్నే లెక్క చెబుతుంది.
2. పక్కకు పంట తేదీలు దాటి పోదు, రెండు నిమిషాల కంటే లోపలికి జూమ్ అవదు.
3. కుడి బటన్ మెనూ, మూలనున్న చిన్న ఆటో బటన్ రెండూ తీసేశా.
4. పైన నాలుగు పెద్ద బటన్లు: నిన్న రాత్రి, రోజు, వారం, పంట. నెల రోజుల వాడకంలో చక్రం కంటే ఇవే ఎక్కువ నొక్కాడు.
5. నెలల పేర్లు తెలుగులో రావడానికి సొంత పట్టిక, ఫాంటు నిర్మలా యూఐ. యాక్సిస్ ఎత్తు కొంచెం పెంచాలి, లేకపోతే ఒత్తులు కోసుకుపోతాయి.

ఖాతా: 57 గంటలు.

దశ 9: తప్పు రీడింగులు తీసేయడం, తీసేయకుండా

ప్రోబు కడగడానికి బయటికి తీస్తే గాలిలో రీడింగు ఒక్కసారి పైకెగురుతుంది. ఆ ముక్క ఎంచుకుని లెక్కలోంచి తీసేయాలి. ఫైల్లో చెరిపేయడం లేదు, ప్రతి రీడింగుకూ పక్కన ఒక బైట్, 0 అంటే వాడు, 1 అంటే వదిలెయ్. వెనక్కి తీసుకోడానికి క్యూటీలోని అన్‌డూ స్టాక్.

మొదటిసారి మార్చిన ప్రతిసారీ మెట్లన్నీ మళ్లీ కట్టా, 180 మిల్లీసెకన్లు. మారిన బకెట్లే కడదామని చూస్తే అంచుల్లో పాత కొనలు మిగిలాయి, ఎందుకంటే ఎంపిక బకెట్ మధ్యలో మొదలవుతుంది. మొదటి కొనను కిందికి, చివరి కొనను పైకి 256 గుణిజానికి జరిపి ఆ ముక్కంతా మళ్లీ కడితే సరిపోయింది. వదిలేసిన ముక్క మాయం కాకుండా బూడిద రంగులో కనిపిస్తుంది, ఎవరు ఏం తీసేశారో దాచడం నాకిష్టం లేదు.

ప్యాకింగ్ సంగతి రెండు ముక్కల్లో: పైఇన్‌స్టాలర్‌లో (పైథాన్ ప్రోగ్రామ్‌ను విడి అప్లికేషన్‌గా కట్టే టూలు) ఒకే ఫైలుగా చేస్తే తెరిచిన ప్రతిసారీ అంతా విప్పుకుని 22 సెకన్లు, ఫోల్డరుగా ఇస్తే 4. ఫోల్డరే ఇచ్చా, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టా.

ఖాతా: మొత్తం 66 గంటలు. నాలుగు చెరువులు, 82,94,400 రీడింగులు. ఫ్రేము మధ్యస్థం 15, గరిష్ఠం 31. ప్రోగ్రామ్ తినే మెమరీ 260 ఎంబీ.

మిగిలిన పని: రెండు రాత్రుల్ని ఒకదాని మీద ఒకటి వేసి పోల్చడం. ఇంకోటి, నాలుగో చెరువు కార్డులో నిన్నటి ఫైలు 17,280 బదులు 17,281 వరసలు చూపిస్తోంది. ఆ ఎక్కువైన వరస హెడర్ కాదు, చూశా. ఆదివారం సంగతి తేలుస్తా.